పాతబస్తీలో తోడునడక
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము నడక. దినమునకు రెండు క్రోసులు పొలము గట్లపై తిరుగువారి యెదుట నడకను గూర్చి ప్రసంగమేమని కొందఱు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమే. కాని యిచ్చట చెప్పబోవునది పొట్టకూటికై నడచు నడక కాదు. చక్కెరజబ్బు గలవానికి వైద్యుడు గడియారము చూచి నడువుమని చెప్పు నడకయు కాదు. దారి తెలిసినవా డొకడు ముందు నడువగా పదిమంది మెల్లగా వెంట నడచి, చెట్టును నీటిని పిట్టను చూచుచు, మనస్సులోని బరువును కొంత దింపుకొను నడక. దీనికి తోడునడక యని పేరు పెట్టుకొందము. ఉదాహరణముగా హైదరాబాదు పాతబస్తీని తీసికొనుటకు కారణమున్నది. పల్లెలనుండి పోయిన కుటుంబములు లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ ప్రాంతములలో చాలకాలముగా కాపురమున్నవి. కొడుకు పనికి పోవుచున్నాడు. వెంటబోయిన ముసలి తండ్రి పగలంతయు అచ్చట నేమి చేయుచున్నాడో విచారించినవారు తక్కువ.

అట్టి తండ్రి నొకనిని ఊహింపుడు. ఊరిలో నున్నప్పుడు తెల్లవారుజామున లేచి బావికడకు పోవువాడు. త్రోవలో నలుగురు పలుకరించువారు. రచ్చబండకడ ఒక గడియ, గ్రంథాలయములో పత్రికతో ఒక గడియ. భార్య గతించిన పిమ్మట కొడుకు పిలిచెను, పోయెను. మూడవ అంతస్తులో నొక గది. కొడుకును కోడలును ఉదయము ఎనిమిదింటికి పోయి రాత్రి ఎనిమిదింటికి వత్తురు. మనుమనికి బడి, ట్యూషను, ఫోను. వీథిలోనికి దిగినచో ఆటోలు, మోటారు బండ్లు. పలుకరింతమన్న చుట్టుప్రక్కల భాష ఉర్దూ. తిండికి లోటు లేదు, మందులకు లోటు లేదు. నాన్నకు ఏ కొఱతయు లేదని కొడుకు నిజముగానే నమ్మియుండును. తండ్రియు కొఱత యున్నదని చెప్పడు. నిద్ర పట్టుట లేదనును, ఆకలి లేదనును, మోకాలు లాగుచున్నదనును. ఊరినుండి ఎవరైన వచ్చినచో వారిని బస్సెక్కనీయక చేయి పట్టుకొని కూర్చుండును. దుఃఖమనుమాట మాత్రము నోట రాదు.

ఆ యింటికి నాలుగిండ్ల యవతల మఱియొక పెద్దమనిషి. అతడు పాతకాలపు దేవిడీలో పుట్టినవాడు. నడుమ ముంగిలి, ముంగిట జామచెట్టు, వేపచెట్టు గల యిల్లది. పంపకములలో ముంగిలి ముక్కలై గదులాయెను, చెట్లు పోయెను. ఒక కొడుకు జిద్దాలో, ఒకడు చికాగోలో నున్నారు. శుక్రవారము నమాజు తరువాత ఫోను వచ్చును. అది ముగిసిన పిమ్మట మరల శుక్రవారము వఱకు ఇల్లు నిశ్శబ్దము. ఈ యిద్దఱును ఒకే కొట్టులో పాలపొట్లము కొందురు. ఇద్దఱకును ఒకటే వ్యాధి. ఒకరి పేరొకరికి తెలియదు.

ఏకాంతము వేఱు, ఒంటరితనము వేఱు. ఏకాంతము కోరి తెచ్చుకొన్నది. ఋషులు దానిని వెదకికొని అడవులకు పోయిరి. ఒంటరితనము కోరకయే వచ్చి గడపలో కూర్చుండును. రంజాను నెల రాత్రి చార్మినారుకడ భుజము భుజము రాచుకొను గుంపులో సైతము అది మనిషిని విడువదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2025వ సంవత్సరమున ప్రకటించిన నివేదికలో లోకమున ఆరుగురిలో నొకరు ఒంటరితనముచే బాధపడుచున్నారని తేల్చిరి. అది గుండెజబ్బును, పక్షవాతమును, మనోవ్యాధిని, అకాలమరణమును దగ్గరకు తెచ్చునని కూడ వారు చెప్పిరి. ముసలివారి చాదస్తమని త్రోసివేయదగినది కాదు.

భారతము చదివినవారికి దీని మందు క్రొత్తది కాదు. అర్జునుడు దివ్యాస్త్రములకై పోయినపిమ్మట కామ్యకవనమున ధర్మరాజు ఎట్లుండెను? రాజ్యము పోయినది, తమ్ముడు దూరమైనాడు, తానే జూదమాడి తెచ్చుకొన్న కష్టమన్న తలంపు రాత్రింబవళ్లు కొఱుకుచున్నది. అప్పుడు రోమశ మహర్షి వచ్చెను. ఆయన అర్జునుని క్షేమవార్త చెప్పి యూరకుండలేదు. లెమ్మని తీర్థయాత్రకు బయలుదేరదీసెను. తాను ముందు నడచుచు, ఈ యాశ్రమ మగస్త్యునిది, ఈ యేటియొడ్డున ఋష్యశృంగుడు పెరిగెనని ప్రతి తావునకు దాని కథ చెప్పెను. నన్నయభట్టారకుని యరణ్యపర్వమున ఈ ఘట్టమును తీరికగా చదువవలెను. ధర్మరాజు దుఃఖమును గూర్చి ఋషి యడిగినది తక్కువ, త్రోవను గూర్చి చెప్పినది యెక్కువ. ఇంకొక విశేషము. బయలుదేరుటకు ముందు పరివారమును తగ్గించుకొమ్మని, తేలికగా నున్నవాడే యిచ్చవచ్చినట్లు పోగలడని వ్యాసభారతమున ఆ ఋషి ధర్మరాజునకు చెప్పును. వందమందిని తోలుకొనిపోవుట నడక కాదు, ఊరేగింపు.

చెట్లు చాలవా, మనుష్యులెందుకని యడుగువారికి రామాయణము సమాధానము చెప్పుచున్నది. సీతను గోలుపోయిన రాముడు పంపాసరస్సు చేరునప్పటికి వసంతకాలము. పూచిన చెట్లు, కూయు కోయిలలు, తామరలు. అంతటి ప్రకృతి శోభ లోకమున మఱెచ్చటను లేదనిపించు చోటు. దానిని చూచి రామునికి శాంతి కలిగెనా? లేదు, శోకము రెట్టింపాయెను. ప్రతి పువ్వును పోయినదానిని జ్ఞప్తికి తెచ్చెను. ఆయనను నిలువబెట్టినది పంప కాదు, ప్రక్కన నున్న లక్ష్మణుని మాట. ఈ సంగతిని వైద్యశాస్త్రము చదివినవారు కూడ తఱచుగా మఱతురు. శోకములో నున్నవానిని ఒంటరిగా తోటలోనికి పంపి, గాలి పీల్చుకొని రమ్మనుట మంచి వైద్యమని వారి తలంపు. తోటలో వాని యాలోచన వానినే తినును. చెట్టు కావలెను, చెట్టుతోబాటు తోడు కావలెను.

దారి తెలిసినవాడు లేక పోయిన దానికి మనుచరిత్రలోని ప్రవరుడు దృష్టాంతము. సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని, తోడెవ్వరును లేక, ఒక్కపూటలో హిమాలయము చూచి రావలెనని పోయెను. మంచునీటికి లేపము కరగెను. దారి యడుగబోయి వరూధిని కంటబడెను. తరువాతి కథ యిచ్చట ననవసరము.

పాశ్చాత్యులును జపానువారును ఈ విషయమును తమ పద్ధతిలో పరీక్షించిరి. 1982లో జపాను అటవీశాఖవారు అరణ్యస్నానమను నర్థము గల పేరొకటి పెట్టి, అడవిలో మెల్లగా తిరుగుటను ఆరోగ్యచర్యగా ప్రచారము చేసిరి. 1984లో అమెరికాలో ఉల్రిచ్ అను పండితుడు ఒక చిన్న పరిశీలనము ప్రకటించెను. పెన్సిల్వేనియాలోని యొక ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మందిలో, సగముమందికి కిటికీనుండి చెట్లు కనబడెడివి, సగముమందికి ఇటుకగోడ కనబడెడిది. చెట్లు చూచినవారు త్వరగా ఇంటికి పోయిరి. నొప్పికి బలమైన మందులు వారికి తక్కువ కావలసివచ్చెను. 2015లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు కొందఱిని చెట్లనడుమను కొందఱిని రద్దీ రహదారి ప్రక్కను 90 నిమిషములు నడిపించి చూడగా, చెట్లనడుమ నడచినవారిలో జరిగినదానినే త్రిప్పి త్రిప్పి తలపోయు గుణము తగ్గినట్లు కనుగొనిరి. ధర్మరాజును కొఱికినది ఆ తలపోతయే కదా.

ఇంగ్లండులో జరిగిన పరిశీలన మింకను ముఖ్యము. అచ్చట వైద్యుల ప్రోత్సాహమున ఊరూర నాయకుని వెంట గుంపుగా నడచు నేర్పాటున్నది. 2014లో ఇంచుమించు 2,000 మందిని విచారించి ప్రకటించిన ఫలితములలో, ప్రకృతిలో గుంపుగా నడచువారికి దిగులును, మనస్సుపై ఒత్తిడియు తక్కువగాను, ఉల్లాసము ఎక్కువగాను కనబడెను. కాని ఆపదలో తమకు మనుష్యులున్నారను విషయమున మాత్రము నడచువారికిని నడువనివారికిని భేదము కానరాలేదు! దీనిని దాచరాదు. కలిసి నడచినంతమాత్రమున చుట్టరికము పుట్టదు. నడకకు చేర్పవలసిన దింకొకటి యున్నది. దానిని గూర్చి తరువాత.

ఇప్పుడు పాతబస్తీకి పోదము. అచ్చట ప్రకృతి యెక్కడిదని సందేహము కలుగవచ్చును. 1591లో చార్మినారు కట్టి మహమ్మదు కులీ కుతుబ్‌షా నెలకొల్పిన ఈ నగరమును, 17వ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే బాగ్‌నగరమని వ్రాసెను. బాగ్ అనగా తోట. ఆ తోటలలో నేడు మిగిలినవి తక్కువ. మిగిలినవియైనను ఎవరో వ్రేలుపెట్టి చూపినగాని కంటబడవు. మార్గదర్శి కావలసినది అందులకే.

అఫ్జల్‌గంజ్ కడ మూసీనది ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో నొక చింతచెట్టున్నది. వంతెన దాటినచో పాతబస్తీయే. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు, ఈ చెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఎవరి కులమేదో మతమేదో ఆ కొమ్మలపై విచారించినవారుండరు. తెలుగునాట చింతచెట్టునకు మంచిపేరు లేదు. దాని క్రింద నిద్రింపరాదందురు, దయ్యముండునందురు. పేరులోనే చింత యున్నది. ఈ చెట్టు మాత్రము ఆ యపవాదును కడిగికొన్నది. ఏటేట సెప్టెంబరు 28న పౌరులు దానిక్రింద చేరి పోయినవారిని స్మరించుకొనుచున్నారు. మిగిలిన దినములలో రోగుల బంధువులు ఆ చెట్లనీడలలో సద్దిమూటలు విప్పుకొని కూర్చుందురు.

ఆ వరదలోనే ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతును ఒక్కసారిగా కోలుపోయెను. తానొక్కడు బయటపడెను. అటుపిమ్మట ఆయన యేబది సంవత్సరములకు పైగా జీవించి 1961లో గతించెను. అన్నియేండ్లు ఆ నదిగట్టు నగరములోనే బ్రదుకుట యెట్టిదో, పుత్రశోకము కళత్రశోకము నెఱిగినవారు ఈ సభలోను లేకపోలేదు, వారికి తెలియును. చింతచెట్టు క్రింద నిలిచి మార్గదర్శి ఈ కథ చెప్పినప్పుడు, భార్యను పోగొట్టుకొన్న ముసలివాడు తన మాట యెత్తకయే తన శోకమునకు సాటి యొకటి యున్నదని తెలిసికొనును. వలసినచో మాటాడును. లేనిచో చెట్టును చూచుచుండును. ఎవరును బలవంతపెట్టరు.

ఆ చెట్టునకు పొరుగున నున్నది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర పుట్టినది. గ్రంథాలయపు మెట్లకడ ఉదయము చేరి, చింతచెట్టు చూచి, నయాపుల్ మీద నిలిచి నదిని చూచి, మదీనా కూడలి మీదుగా పత్తర్‌గట్టి కమానుల నీడను పట్టుకొని గుల్జార్ హౌజు దాటి చార్మినారు చేరుట సుమారు రెండు కిలోమీటర్లు. నది నేడు మురికి. ముక్కు మూసికొనవలసిన చోటులున్నవి. దానిని కూడ చూపవలెను. 1909లో విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, ఆయన సలహాపై నదికెగువ ఉస్మాన్‌సాగరును, హిమాయత్‌సాగరును ఎట్లు కట్టిరో చెప్పవలెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, రెండవది 1927లోను ముగిసినవి. బావికడ పెరిగిన రైతునకు నీటి కథ యిష్టము. మక్కామసీదు ముంగిట పావురములు, చార్మినారు పైని ఆకాశమున గ్రద్దలు. గ్రద్దను ఉర్దూలో చీల్ అందురు. ఈ మాటను ఆ దేవిడీ పెద్దమనిషి ఈ పల్లెటూరి పెద్దమనిషికి చెప్పును. ఇతడు ఇమ్లీని తెలుగున చింత యందురని చెప్పును. చింతయనగా ఫికర్ కదా యని అతడు నవ్వును. పరిచయములు ఇట్లు పుట్టవలెను.

దక్షిణమున మీరాలం చెరువున్నది. 1804 మొదలు 1808 వఱకు దివానుగా నున్న మీర్ ఆలం పేరు దానిది. నీటికెదురుగా విల్లులవలె వంగిన 21 కమానుల కట్ట. కట్టువాని నేర్పు చూడదగినది. ఉస్మాన్‌సాగరు రాకమునుపు పాతబస్తీ దాహము తీర్చిన చెరువులలో నిది ముఖ్యమైనది. ఒడ్డున కొంగలను, నీటికాకులను చూచుటకు ఖర్చు లేదు. చెరువును ఆనుకొని 1963లో తెఱచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల 380 ఎకరములు. పాతబస్తీ వారికి దగ్గరలో నింత పచ్చని చోటు వేఱొకటి లేదు. సింహమును చూచుటకు పిల్లలను తీసికొనిపోవుట ఒక్కటే దాని ప్రయోజనమని తలంపరాదు.

ఈ నగరమునకు మార్గదర్శులు లేకపోలేదు. 1980లో హైదరాబాదున పుట్టిన పక్షి పరిశీలకుల సంఘము సభ్యులను చెరువులకు తీసికొనిపోయి పిట్టల పేర్లు నేర్పినది. 1996లో స్థాపింపబడిన సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంస్థ, 250 కోట్ల సంవత్సరముల నాటి నల్లరాతి గుట్టలను కాపాడుటకై జనులను వాని నడుమ నడిపించుచు వచ్చినది. వీరి ధ్యేయము మనోవ్యాధి నివారణము కాదు. పిట్టను, రాయిని కాపాడుట. అందుచేతనే యవి మనుష్యులకు మేలుచేయునని చెప్పవచ్చును. దుఃఖితుల నడక యని బల్లకట్టి పిలిచినచో ఏ ముసలివాడును రాడు, రానీయరు కూడ. పిట్టలను చూడబోవుదమన్నచో వచ్చును.

నడకలో మాట పుట్టుటకు కారణమొకటి యున్నది. ఎదురెదురుగా కూర్చుండబెట్టి నీ కష్టమేమని యడిగినచో మగవాడు నోరు విప్పడు. బండి తోలుచు ఎడ్లను చూచుచున్న రైతు, ప్రక్కన కూర్చున్నవానితో ఇంటి గుట్టంతయు చెప్పును. నాట్లు వేయు స్త్రీలు వంచిన నడుము వంచియే తమ కన్నీటి కథలు చెప్పుకొందురు. కన్ను మఱియొకదానిపై నున్నప్పుడు నోటికి ధైర్యము వచ్చును.

ఏర్పాటునకు పెద్ద ధనము కాని సమితులు కాని అక్కఱలేదు. పన్నెండుగురికి మించరాదు. వారమున ఒకే దినము, ఒకే వేళ. వాన వచ్చినచో గ్రంథాలయము వసారాలోనైన కూర్చుండవలెను గాని దినము తప్పరాదు. అందఱికన్న మెల్లగా నడచువాని నడకయే గుంపు నడక. మార్గదర్శికి ఇరువది చెట్ల పేర్లు రెండు భాషలలో వచ్చిన చాలును, పాండిత్య ప్రకర్ష వలదు. అతడు మాటాడుట తగ్గించిన కొలది వారు మాటాడుదురు. కూర్చుండుటకు చోటులు, త్రాగునీరు, మూత్రశాల యెక్కడ నున్నవో ముందుగా చూచుకొనవలెను. ఈ మూడవది లేకనే వృద్ధులు బయటికి వచ్చుట మానుకొనుచున్నారన్న సంగతి ఏర్పాటుచేయువారికి తోచదు. చివర ఇరానీ చాయి. ఒక చాయిని ఇద్దఱు పంచుకొను అలవాటు ఆ హోటళ్లలో నున్నదే.

స్త్రీల కథ వేఱు. పాతబస్తీ యిఱుకు సందులలో ఏ మతపు స్త్రీకైనను పనిమీద పోవుట యున్నది, ఊరక నడచుట లేదు. కూరలకో, దర్గాకో, గుడికో, ఆసుపత్రికో పోవలెను. వితంతువైన తల్లి కారణములేక వీథిలో నిలిచినచో పదిమంది యడుగుదురు. వారికి స్త్రీయే మార్గదర్శిగా, పగటివేళ, ఇంటివారికి తెలిసిన చోటికి వేఱుగా నడక యుండుట మేలు. మనుమలను వెంట తెచ్చుకొననిచ్చినచో గడప దాటుట సులభమగును.

నడక వైద్యునికి బదులు కాదు. వారములకొలది నిద్రాహారములు మానినవానిని, బ్రదుకు వలదనుమాట పలికినవానిని చెట్లు చూపి సరిపెట్టుట నేరము. అట్టివారిని ఆసుపత్రికి తీసికొనిపోవలెను. 2022లో భారత ప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్ 14416 నంబరునకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు తెలుగున మాటాడువారు దొరకుదురు, ఖర్చు లేదు. ఈ నంబరును గ్రంథాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది.

ఇక తరువాత చెప్పుదుమన్నది. ఇంగ్లండువారి లెక్కలో తేలని లోటు తీర్చుట కొక నియమము చాలును. మార్గదర్శి చేత నొక చిన్న పుస్తకముండవలెను. అందు వచ్చువారి పేర్లు, ఇంటి గుర్తులు. ఉదయము మెట్లకడ పేర్లు చదువునప్పుడు ఎవరైన రాకున్నచో గుంపు బయలుదేరును, నడక సాగును. చాయి త్రాగిన పిమ్మట వారిలో నిద్దఱు, వీలైనచో తెలుగువా డొకడు ఉర్దూవా డొకడు, రానివాని యింటికి పోయి మూడవ అంతస్తైనను మెట్లెక్కి తలుపు తట్టి, ఈ వారము గ్రద్దగూడు చూచితిమి, నీవేల రాలేదని యడిగి రావలెను.